నేను "క్యాన్" అంటే వాళ్లకు "క్యాంట్" అని వినబడుతోంది, ఏం చేయాలి?

మియాపూర్_టెస్టర్
గురువారం రాత్రి జరిగిన సంగతి. క్లయింట్ డల్లాస్‌లో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఇవ్వాలా వద్దా అని కాల్. టెస్టులన్నీ పాసయ్యాయి. నేను ఒక్కో మాటా విడదీసి, స్పష్టంగా, "వి క్యాన్ రిలీజ్ ఇట్ టునైట్" అన్నాను. అటువైపు రెండు సెకన్లు చప్పుడు లేదు. తర్వాత "ఓకే, దట్స్ అన్‌ఫార్చునేట్" అన్నాడు. ఏదో వేరే విషయం గురించి అనుకుని నేనూ "యెస్ యెస్" అనేశా.

పొద్దున లేచి చూస్తే మెయిల్. రిలీజ్ సోమవారానికి వాయిదా, ఎందుకు ఇవ్వలేకపోయారో కారణం రాసి పంపండి అని! నేను ఇవ్వగలం అన్నాను, ఆయన ఇవ్వలేం అని విన్నాడు.

మా లీడ్ రికార్డింగ్ విని, "గ్రామర్‌లో తప్పేం లేదు. కానీ నువ్వు ప్రతి మాటనీ లారీలోంచి సిమెంటు బస్తా దించినట్టు ఒకే బరువుతో దించుతావు" అన్నాడు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. వాక్యంలో కొన్ని మాటల్నే నొక్కి పలకాలనే ఈ సెంటెన్స్ స్ట్రెస్ అనేది నిజంగా ఉందా, లేక అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు పుట్టించిన గోలా?

నైట్‌షిఫ్ట్_నాగు
స్ట్రెస్ లేదంటావేంటి బ్రో. నెలాఖరుకి మా ఇంటికి రా, చూపిస్తా.

ఉప్పల్_ఉష
ఈ జోకు ఎవరో ఒకరు వేస్తారని తెలుసు. మొదటి రిప్లైకే వస్తుందనుకోలేదు.

కాల్‌సెంటర్_మాజీ
టెస్టర్ భయ్యా, నువ్వు స్పష్టంగా విడదీసి చెప్పడమే కొంప ముంచింది.

నొక్కి పలికే మాటని ఏటవాలు గీతల మధ్య పెడతా, చూడు. మన లిపిలో క్యాపిటల్ లెటర్లు లేవు, ఏం చేస్తాం. అమెరికావాడు మామూలుగా చెప్తే "వి క్‌న్ రి/లీజ్/ ఇట్ టు/నైట్/" అంటాడు. "క్యాన్" లో ఆ "యా" ఉండదు, క, న మధ్య గాలి మాత్రమే ఉంటుంది. అదే ఇవ్వలేం అనాలంటే "వి /క్యాంట్/ రిలీజ్ ఇట్" అని ఆ మాటని నిండుగా పలుకుతాడు. చివరి "ట్" చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది, బయటికి రాదు. అంటే వాడి చెవి "ట్" ఉందా లేదా అని చూడట్లేదు. మధ్యలో "యా" నిండుగా ఉందా లేదా అని చూస్తోంది. నువ్వు నిండుగా పలికావు, వాడికి "క్యాంట్" అయింది.

లండన్ క్లయింట్ అయితే ఈ బాధ సగం తగ్గేది, వాళ్లది "కాంట్" కాబట్టి. కాల్ సెంటర్‌లో ఉన్నప్పుడు మాకు ఒకటే రూల్: కాదు అని చెప్పాల్సి వస్తే "కెనాట్" అని పూర్తిగా అనాలి. అవును అయితే "విల్ బి ఏబుల్ టు". క్యాన్ జోలికే పోవద్దు.

దక్కన్_దాదా
వాడికి వినబడకపోతే వాడి చెవుల సమస్య. మా టీమ్‌లో మలయాళీ ఉన్నాడు, బెంగాలీ ఉంది, నేను నల్గొండ. రోజంతా ఇంగ్లిష్‌లోనే కొట్టుకుంటాం. ఎవరికీ ఎవరి "క్యాన్" తోనూ ఇబ్బంది రాలేదు. వాళ్లు మనలా మాట్లాడటం నేర్చుకోవచ్చు కదా? ఎప్పుడూ మనమే ఎందుకు మారాలి?

మియాపూర్_టెస్టర్
దాదా అన్నా, నీతో ఒప్పుకుంటా. కానీ కారణం రాసి పంపమన్నది నన్ను. వాడి చెవుల సమస్య అని రాయమంటావా?

దక్కన్_దాదా
రాయి. నేను సంతకం పెడతా.

ఉప్పల్_ఉష
నాది ఇంతకంటే ఘోరం. రెండేళ్ల కిందట ఒక పెద్ద బగ్ మూడు రోజులుగా ఎవరికీ దొరకలేదు. శనివారం కూర్చుని నేనే పట్టుకున్నా, నేనే సరిచేశా. సోమవారం కాల్‌లో అక్కడి మేనేజర్ ఎవరు చేశారని అడిగితే, నేను గర్వంగా "ఐ ఓన్లీ ఫిక్స్‌డ్ ఇట్" అన్నా. ఆయన "ఓహ్, సో హూ ఫౌండ్ ఇట్?" అన్నాడు.

నా మనసులో ఉన్నది "నేనే చేశా" అని. ఆయనకి వినబడింది "నేను ఊరికే రిపేరు మాత్రం చేశా, మిగతాదంతా వేరేవాళ్లు చేశారు" అని. ఆ పక్కనే ఉన్న ఇంకొకాయన "టీమ్ ఎఫర్ట్" అన్నాడు. అప్రైజల్‌లో కూడా అదే వచ్చింది, టీమ్ ఎఫర్ట్.

నైట్‌షిఫ్ట్_నాగు
ఉష గారూ, ఇది విన్నాక నా జోకు వెనక్కి తీసుకుంటున్నా.

సికింద్రాబాద్_మాస్టారు
ఉష గారు చెప్పినదాంట్లోనే అసలు కిటుకు ఉంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పాను, నాకిది రిటైరయ్యే ముందు తట్టింది. సిగ్గుచేటే అనుకోండి.

మనవాళ్లకు నొక్కి మాట్లాడటం రాదంటారు. తప్పు. మనంత నొక్కేవాళ్లు లేరు. కాకపోతే మనం గొంతుతో తక్కువ, మాట చివర తగిలించే తోకతో ఎక్కువ నొక్కుతాం. "సురేష్ నిన్న తాళం పోగొట్టాడు" తీసుకోండి. సురేషే పోగొట్టాడు అంటే వాళ్ల తమ్ముడి మీద నింద పోయింది. తాళమే పోగొట్టాడు అంటే పర్సు క్షేమం. నిన్నే పోగొట్టాడు అంటే ఇవాళ పొద్దున పనిమనిషిని అనుమానించడం అన్యాయం. ఒక్క ఏకారం ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి మొత్తం కథ మారిపోతుంది.

పాపం ఇంగ్లిష్‌వాడికి ఏకారం లేదు. "సురేష్ లాస్ట్ ది కీ యెస్టర్డే", అంతే. మాటలు మార్చడు. "/సురేష్/ లాస్ట్ ది కీ" అంటే మన సురేషే. "లాస్ట్ ది /కీ/" అంటే మన తాళమే. మనం తోకతో చేసేది వాడు గొంతుతో చేస్తాడు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, మనం ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఏకారాన్ని మూట కట్టుకుని వెంట తీసుకెళ్లాం. అక్కడ దానికి "ఓన్లీ" అని పేరు పెట్టాం. నిన్నే అంటే "యెస్టర్డే ఓన్లీ". ఇక్కడే అంటే "హియర్ ఓన్లీ". ఇవాళే అంటే "టుడే ఇట్‌సెల్ఫ్". మనలో మనకు ఇది చక్కగా అర్థమవుతుంది, ఎందుకంటే వినేవాడూ దాన్ని మళ్లీ ఏకారంగా మార్చుకుంటాడు. బయటివాడికి ఓన్లీ అంటే "మాత్రమే", "ఊరికే". ఉష గారి శనివారం అలా గంగలో కలిసింది.

పిల్లలకు చివరి రెండేళ్లు ఇలా చెప్పాను. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకో. ఏకారం ఎక్కడ పడిందో చూడు. ఆ ఇంగ్లిష్ మాట మీద గొంతు పెట్టు, ఓన్లీని తీసి పారెయ్యి. "/ఐ/ ఫిక్స్‌డ్ ఇట్." అయిపోయింది.

ఉప్పల్_ఉష
మాస్టారూ, రెండేళ్ల కిందట ఎక్కడున్నారు మీరు.

చార్మినార్_చాయ్
మా పాతబస్తీలో కూడా ఇదే ముచ్చట మాస్టారు సాబ్. మీకు ఏకారం ఉన్నట్టు మాకు "ఇచ్" ఉంది. "మైచ్ బోలా" అంటే నేనే చెప్పా. "అబ్బీచ్ ఆయా" అంటే ఇప్పుడే వచ్చా. బయటి హిందీవాళ్లు "హీ" అంటారు, మన దక్కనీలో "ఇచ్" మరాఠీ నుంచి వచ్చిందంటారు. అందుకే మా వాళ్ల ఇంగ్లిష్‌లో కూడా ఓన్లీ ఓన్లీ ఓన్లీ. హైదరాబాద్‌లో తెలుగోడు, ఉర్దూవాలా కొట్టుకోకుండా ఇంగ్లిష్ మాట్లాడుకోవడానికి ఈ ఓన్లీయే కారణం అనుకుంటా.

నైట్‌షిఫ్ట్_నాగు
చిన్నప్పుడు ఒత్తులు మర్చిపోతే మా టీచర్ చెవి మెలేసేది. ఇప్పుడు ఒత్తి పలకడం మర్చిపోతే క్లయింట్ మెలేస్తున్నాడు. తప్పించుకోలేం.

తార్నాక_తాబేలు
నేను ఇఫ్లూలో (మన హైదరాబాద్ ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) చదివా, కాబట్టి కొంచెం పుస్తకాల గోల భరించండి.

మన భాష ఈ చర్చలో ఎప్పటినుంచో ఉంది. డేవిడ్ ఆబర్‌క్రోంబీ అని ఎడిన్‌బరోలో ధ్వనిశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, 1967లో ప్రపంచ భాషల్ని లయని బట్టి రెండు గుంపులు చేశాడు. ఒకదాంట్లో నొక్కులు సమాన వ్యవధిలో పడతాయి, మధ్యలో ఎన్ని అక్షరాలున్నా కుక్కేస్తారు: ఇంగ్లిష్, రష్యన్, అరబిక్. రెండోదాంట్లో ప్రతి అక్షరానికీ సమానంగా సమయం ఇస్తారు: ఫ్రెంచ్, యోరుబా, ఇంకా మన తెలుగు. టెస్టర్ గారి లీడ్ చెప్పిన సిమెంటు బస్తాలు ఇవే.

ఇఫ్లూ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. భారతీయుల ఇంగ్లిష్ బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందన్న దాని మీద ఆర్.కె. బన్సల్ గారు చేసిన పరిశోధన 1969లో ఇక్కడినుంచే అచ్చయింది. మన మాటల్లో నొక్కు తప్పు చోట పడటం, లయ వేరుగా ఉండటం కూడా అర్థం కాకపోవడానికి కారణాలని అప్పుడే తేలింది. కాబట్టి ఇది అమీర్‌పేట వాళ్లు పుట్టించిందైతే కాదు. వాళ్లు ఫీజు మాత్రం పుట్టించారు.

దక్కన్_దాదా
అంటే తెలుగువాడికి పుట్టుకతోనే రాదని ముద్ర వేశారన్నమాట, అదీ ఎడిన్‌బరోలో కూర్చుని.

తార్నాక_తాబేలు
ఆగు అన్నా, నీకు పనికొచ్చేది ఇప్పుడు చెప్తా. 1982లో పీటర్ రోచ్ అనే ఆయన ఆ ఆరు భాషల్నీ రికార్డు చేసి నిజంగా కొలిచాడు. అంత చక్కటి సమాన వ్యవధులు ఇంగ్లిష్‌లోనూ దొరకలేదు, తెలుగులోనూ అక్షరాలన్నీ సమానంగా రాలేదు. రెండు డబ్బాల లెక్క కొలతకి నిలవలేదు. కాకపోతే ఇంగ్లిష్‌లో నొక్కు లేని అచ్చులు కుంచించుకుపోవడం, మనవి అంతగా కుంచించుకోకపోవడం, ఆ తేడా ఉంది.

ఇంకోటి. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ వేరే ప్రశ్న వేసింది. ఇంగ్లిష్ సొంత భాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నప్పుడు నిజంగా ఏది తప్పితే అర్థం కాకుండా పోతోంది అని. ఆమె జాబితాలో "క్‌న్" లాంటి చిన్న మాటల్ని మింగడం లేదు. అది అవసరం లేదంది, ఒక్కోసారి అడ్డం కూడా. కానీ వాక్యంలో ముఖ్యమైన ఒక్క మాట మీద నొక్కు పడాలన్నది మాత్రం జాబితాలో ఉంది. నీ మలయాళీ, బెంగాలీ దోస్తులతో నీకు ఇబ్బంది రాకపోవడానికి సగం కారణం ఇదే.

దక్కన్_దాదా
ఈ జెంకిన్స్ అక్క మంచిది.

కాల్‌సెంటర్_మాజీ
తాబేలు, మింగడం అవసరం లేదంటే నాకు కొంచెం ఇబ్బంది. అది ఇద్దరు విదేశీయుల మధ్య నిజం కావచ్చు. టెస్టర్ మాట్లాడేది డల్లాస్‌వాడితో. అక్కడ "క్యాన్" ని మింగకపోతే రిలీజ్ పోయింది. ఇప్పుడే చూశాం కదా.

శార్దూలం_19
ఛందస్సు తెలిసినవాళ్లకు ఇది తొందరగా ఎక్కుతుంది. మనకు గురువు అంటే రెండు మాత్రలు, లఘువు ఒకటి. అక్షరం స్వరూపాన్ని బట్టి తేలుతుంది, వాక్యంలో దాని అర్థం ఏమిటన్నదానితో పనిలేదు. నా శార్దూలంలో పాదానికి పందొమ్మిది అక్షరాలు, ఏది గురువో గణాలు ముందే చెప్పేస్తాయి. ఇంగ్లిష్‌లో అలా కాదు. "దిస్ ఈజ్ ఫర్ యూ" లో "ఫర్" లఘువుకంటే తక్కువ. అదే మాట "వాట్ ఈజ్ ఇట్ ఫర్" లో చివరికి రాగానే గురువైపోయింది! "క్యాన్" కూడా అంతే, "యెస్, ఐ క్యాన్" అని చివర వస్తే నిండుగా పలకాల్సిందే. ఒకే అక్షరం కూర్చున్న చోటుని బట్టి గురువో లఘువో అయితే పద్యం ఎలా రాస్తారో పాపం.

సికింద్రాబాద్_మాస్టారు
రాస్తారు సార్, మనకంటే తక్కువ తిట్టుకుంటూ రాస్తారు.

నైట్‌షిఫ్ట్_నాగు
ఒక్కసారి సీరియస్‌గా చెప్తా. ఫోన్‌లో వెండర్‌ని లైసెన్సులు అడిగా, "ఫిఫ్టీన్" అని. వాడు యాభైకి కొటేషన్ పంపాడు. మావాళ్లు చూడకుండా అప్రూవ్ చేశారు. ముప్పై ఐదు లైసెన్సులు ఏడాది పాటు ఖాళీగా పడున్నాయి. తర్వాత తెలిసింది, పదిహేను అయితే చివర సాగదీసి "ఫిఫ్/టీన్/", యాభై అయితే ముందు కొట్టి "/ఫిఫ్/టీ" అట. నేను రెండింటినీ ముందే కొడతా, పైగా లైన్‌లో "న్" వినబడదు. ఇప్పుడు "వన్ ఫైవ్, ఫిఫ్టీన్" అంటున్నా, బ్యాంకువాళ్లలాగా.

కూకట్‌పల్లి_అమ్మ
మా పాప ఐఈఎల్‌టీఎస్‌కి తయారవుతోంది. స్పీకింగ్‌లో నాలుగు అంశాలకు మార్కులు, అందులో ఉచ్చారణ ఒకటి, నాలుగింటికీ సమానమే అంటోంది. యాక్సెంట్ మార్చుకోవాలా? రోజూ అద్దం ముందు "వాటర్" ని "వాడర్" అంటుంటే మా అత్తగారు బాత్‌రూమ్‌లో నీళ్లు ఆగిపోయాయేమో అనుకుంటున్నారు.

తార్నాక_తాబేలు
అవసరం లేదండీ. తెలుగు యాస ఉంటే మార్కులు పోవు, వినేవాళ్లకు శ్రమ ఉండకూడదు, అంతే. "వాడర్" మానేసి, మాటల్ని గుంపులుగా విడదీసి ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద నొక్కాలో చూసుకోమనండి. బట్టీ కొట్టిన జవాబుని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్తే మాత్రం ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

నైట్‌షిఫ్ట్_నాగు
మా తమ్ముడు వీసా ఇంటర్వ్యూకి అలాగే వెళ్లాడు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి, యూనివర్సిటీ గురించి నాలుగు వాక్యాలు ఒకే సుతిలో అప్పజెప్పాడు. మధ్యలో ఆఫీసర్ ఆపి "హౌ ఆర్ యూ" అంటే మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు.

శార్దూలం_19
వచ్చిందా వీసా?

నైట్‌షిఫ్ట్_నాగు
వచ్చింది. 108 ప్రదక్షిణలు కూడా అయిపోయాయి. అంతా బాలాజీ దయ, నొక్కులదేం లేదు.

మియాపూర్_టెస్టర్
అందరికీ థ్యాంక్స్, కానీ సాధన ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు. మాట్లాడేటప్పుడు ఏకారం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటే కాల్ అయిపోతుంది.

కాల్‌సెంటర్_మాజీ
రబ్బరు బ్యాండ్. మా ట్రైనింగ్‌లో మొదటి వారమంతా అదే. రెండు బొటనవేళ్ల మధ్య పెట్టుకుని, నొక్కాల్సిన చోట సాగదీయాలి, మిగతా చోట్ల వదిలేయాలి. "రి/లీజ్/" అన్నప్పుడు సాగాలి, "ఇట్ టు" దగ్గర వదలాలి, "/నైట్/" దగ్గర మళ్లీ సాగాలి. చెయ్యి సాగితే గొంతు దానంతటదే సాగుతుంది. మొదటి రోజు అందరం ప్రతి అక్షరానికీ సాగదీశాం, గది నిండా దూది ఏకేవాళ్లు కూర్చున్నట్టు ఉండేది. కర్రీ పాయింట్ నుంచి సాంబారు ప్యాకెట్‌కి వచ్చే రబ్బరు బ్యాండ్ చాలు, కొనక్కర్లేదు.

ఇంకోటి, మెట్రోలో వెళ్తావు కదా, ఇంగ్లిష్ అన్నౌన్స్‌మెంట్ వింటూ వెనకాలే మనసులో అను. తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయన్న ఆ ఒక్క మాట తప్ప మిగతాది వినబడకపోయినా దిగగలవు. ఆ ఒక్క మాట ఎలా చెప్తున్నారో చూడు.

ఉప్పల్_ఉష
ఒక జాగ్రత్త. నేను మాస్టారి చిట్కా విని నిన్ననే ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో మొదలుపెట్టా. "ఐ /టోల్డ్/ యూ అబౌట్ దిస్" అన్నా. చెప్పాను కదా అని మామూలుగా గుర్తు చేద్దామని. అవతలివాడు సారీ చెప్పాడు! తిట్టాననుకున్నాడు. మనకి "చెప్పాను కదా" లో "కదా" మెత్తగా సర్దేస్తుంది. అక్కడ ఆ మెత్తదనం లేదు, ఉత్త నొక్కే మిగిలింది. అలాగని అన్ని మాటల్నీ నొక్కితే ప్లేస్కూల్ టీచర్‌లా ఉంటుంది, అది కూడా ట్రై చేశా.

సికింద్రాబాద్_మాస్టారు
ఇది నా చిట్కాలో ఉన్న లోపమే ఉష గారూ, ఒప్పుకుంటున్నా. ఏకారం ఒక్కటే చూశాను, కదా సంగతి ఆలోచించలేదు.

తార్నాక_తాబేలు
ఏకారమే లేని వాక్యాల సంగతీ ఉంది మాస్టారూ, అవే ఎక్కువ. అక్కడ మామూలుగా చివర్లో వచ్చే బరువైన మాట మీద పడుతుంది. టెస్టర్ గారి వాక్యంలో "టునైట్" లాగా.

మియాపూర్_టెస్టర్
సోమవారం కాల్ ఇప్పుడే అయింది. వినండి.

మధ్యాహ్నమంతా మీటింగ్ రూమ్‌లో తలుపేసుకుని రబ్బరు బ్యాండ్‌తో సాధన చేశా. హౌస్‌కీపింగ్ అన్న రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్లిపోయాడు. "రాత్రికే ఇచ్చేయగలం" అని తెలుగులో అనుకున్నా, ఏకారం "రాత్రికే" మీద ఉంది. కాల్‌లో "వి క్‌న్ రి/లీజ్/ ఇట్ టు/నైట్/" అన్నా. విచిత్రం ఏంటంటే, "నైట్" ని గట్టిగా పట్టుకుంటే "క్‌న్" దానంతటదే చిన్నదైపోయింది, నేను మింగక్కర్లేకపోయింది. డల్లాస్ ఆయన "గ్రేట్, లెట్స్ డూ ఇట్" అన్నాడు.

అంతలో అదే కాల్‌లో ఉన్న మా చెన్నై ఆర్కిటెక్ట్ అన్‌మ్యూట్ చేసి, "సారీ, క్యాన్ ఆర్ కెనాట్? వినబడలేదు" అన్నాడు.

దక్కన్_దాదా
జెంకిన్స్ అక్కకి జై.

కాల్‌సెంటర్_మాజీ
"విల్ బి ఏబుల్ టు" అనమని మొదటి రోజే చెప్పా, ఎవరు విన్నారు.

మియాపూర్_టెస్టర్
ఇద్దరూ ఒకే కాల్‌లో ఉన్నప్పుడు ఎవరి చెవికి తగ్గట్టు మాట్లాడాలి? ఇది ఎవరైనా పరిశోధించారా?

సికింద్రాబాద్_మాస్టారు
నోటితో చెప్పి, చాట్‌లో కూడా టైపు చేయి నాయనా.

నైట్‌షిఫ్ట్_నాగు
చాట్‌లో ఉత్త క్యాన్ అని కొడితే, చివర అక్షరం ఎగిరిపోయిందేమో అని మళ్లీ అడుగుతాడు. నాకు జరిగింది.